కడుపుమంట ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి

కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సు అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "దీదీ, మీ సర్వీసులో మరచిపోలేని కేసు ఏది?" అని అడుగుతుంటారు. పడవలో కాన్పు చేసిన సంగతో, తుఫానులో టీకాల పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచిన సంగతో చెబుతానని వాళ్ళ ఆశ. అవి చెబితే నాకు గొప్ప కదా, అందుకే ఇన్నాళ్ళూ అవే చెబుతూ వచ్చాను. ఈసారి మాత్రం ఒక్క మాట వల్ల ఒక మనిషి చావుదాకా వెళ్ళిన సంగతి రాస్తున్నాను. ఆ మాట కడుపుమంట. ఇందులో నా గొప్ప వీసమెత్తు లేదు కాబట్టి మీరు నిశ్చింతగా నమ్మవచ్చు.

పోర్ట్ బ్లెయిర్‌కి దూరంగా దీవుల్లో ఉన్న రంగత్‌కి, మామూలు డింగీలో, అంటే చిన్న ఇంజిన్ పడవలో, గంట దూరంలో ఉన్న ఒక మత్స్యకారుల పల్లెలో నా ఉద్యోగం. రెండు గదుల డిస్పెన్సరీ, ఒక వరండా, వారానికి ఒకసారి వచ్చే డాక్టరు. రోడ్డు ఉంది గానీ వానాకాలంలో అది ఉన్న రోజులు తక్కువ. పల్లెలో సగం మంది శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి వేట చేసుకునేవాళ్ళు. మిగిలిన సగం మాలాంటివాళ్ళు, అంటే తాతల కాలంలోనే వచ్చి ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు. మాకు రేకుల షెడ్డులో ఒక చిన్న తెలుగు చర్చి ఉండేది.

పద్దెనిమిదేళ్ళు ఆ పల్లెలో "సిస్టర్" అంటే నేనొక్కదాన్నే. అప్పుడు రెండో నర్సుగా పోర్ట్ బ్లెయిర్ డాలీగంజ్ నుంచి ఒక అమ్మాయిని వేశారు. పాతికేళ్ళు ఉంటాయేమో. తెలుగు చక్కగా మాట్లాడేది, చదవడం మాత్రం రాదు, చర్చి పాటలన్నీ హిందీ అక్షరాల్లో రాసుకుని పాడేది. అయినా నాకంటే బాగా పాడేది. అదీ సర్దుకున్నాను. ఆరు నెలలు తిరక్కుండానే జనం మా ఇద్దరికీ పేర్లు పెట్టేశారు. నేను "పెద్ద సిస్టర్". ఆ అమ్మాయి "సూది నొప్పెట్టని సిస్టర్".

ఆ పేరు విన్నప్పుడు నాకేమనిపించిందో ఏం చెప్పమంటారు! నొప్పెట్టని సిస్టర్ ఒకరున్నారంటే నొప్పెట్టే సిస్టర్ ఎవరు మరి? ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని నా బల్ల ముందునుంచే నడిచి వెళ్ళి ఆమె బల్ల దగ్గర వరుస కట్టేవారు. నేను ఖాళీగా కూర్చుని పత్తి ఉండలు చుట్టేదాన్ని. ఒకరోజు సిగ్గు విడిచి, ఇంటి తలుపు గడియపెట్టి, బాగా పండిన బొప్పాయి ఒకటి ముందు పెట్టుకుని సూది గుచ్చడం సాధన చేశాను. పద్దెనిమిదేళ్ళ సర్వీసు తర్వాత! బొప్పాయి ఏమీ అనలేదు. మర్నాడు ఒక చంటివాడికి సూది వేస్తే వాడు జెట్టీ దాకా వినిపించేలా ఏడ్చాడు.

ఇలా ఉండగా మా పాస్టరుగారు వరుసగా కొన్ని ఆదివారాలు ఒకే విషయం మీద ప్రసంగాలు మొదలుపెట్టారు. ఆయనదీ పోర్ట్ బ్లెయిర్ వైపే, ప్రోతరాపూర్. మంచి మనిషి, గొంతు పెద్దది, మైకు అక్కర్లేకపోయినా మైకు లేనిదే నోరు తెరవరు. లేఖనాల్లో మత్సరము అనేది విషయం. మొదటి ఆదివారం ఆయన గంభీరంగా, "మత్సరము ఇంటింటా ఉన్నది, మనలను కుట్టుచున్నది" అనగానే వెనక వరుసలోని కుర్రాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకడు లేచి, "పాస్టర్‌గారూ, మచ్ఛర్ గురించా? దోమల మందు కొట్టేవాళ్ళు మొన్ననే వచ్చెళ్ళారు కదా!" అన్నాడు. అందరూ నావైపు చూశారు, దోమలు ఆరోగ్యశాఖ కిందికి వస్తాయని. పాస్టరుగారు మైకు మీద ఒక నిట్టూర్పు విడిచి, "మత్సరము అంటే అసూయ" అన్నారు. అదీ తెలియలేదు. "జలన్‌రా బాబూ, జలన్! కడుపుమంట!" అన్నారు. అప్పుడు అందరికీ వెలిగింది.

ఆరోజు నుంచి మా చర్చిలో మత్సరమూ లేదు, అసూయా లేదు. అంతా కడుపుమంటే. తమ్ముడి అర్పణను దేవుడు మెచ్చుకున్నాడని కయీనుకు కడుపుమంట. అక్కకు పిల్లలు పుడుతున్నారని రాహేలుకు కడుపుమంట. తమ్ముడికి రంగురంగుల అంగీ కుట్టించారని పదిమంది అన్నలకు ఒకేసారి కడుపుమంట. నాలుగో ఆదివారం సౌలు రాజు సంగతి. పడుచువాడు యుద్ధం గెలిచి వస్తే ఆడవాళ్ళు వీధిలోకొచ్చి రాజుకంటే వాడినే ఎక్కువ పొగిడి పాడారట, అది విని పెద్దాయన తట్టుకోలేకపోయాడట.

ప్రతి ప్రసంగం అయ్యాక మావాళ్ళంతా పాస్టరుగారి చెయ్యి పట్టుకుని ఒకటే మాట అనేవారు. "భలే చెప్పారండీ, తగలాల్సినవాళ్ళకి తగిలింది." ఎవరికి తగిలిందో కంటితో చూపించేవారు కూడా. నేనూ తక్కువ తినలేదు. సౌలు ప్రసంగం మధ్యలోనే మా చిన్న సిస్టర్ వైపు వాలుగా చూసి, పెద్దవాళ్ళను లెక్కచెయ్యకుండా పేరు తెచ్చుకునేవాళ్ళకి ఇది మంచి పాఠం అనుకున్నాను. ఆ కథలో రాజు ఎవరో, పడుచువాడు ఎవరో నాకు తలకెక్కలేదు. చదువుకున్నదాన్ని మరి.

ఆ నాలుగో ఆదివారమే అసలు సంగతి జరిగింది. పాస్టరుగారికి ఓపిక నశించింది.

"నాలుగు వారాలుగా చెబుతున్నాను. ఒక్కరూ నాకుంది అనలేదు. ఈ సంఘంలో ఎవరికీ లేదా? సచ్ బోలో! కడుపుమంట ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి!"

అందరం తలలు వంచి కళ్ళు మూసుకున్నాం. కాసేపటికి "దేవునికి స్తోత్రం!" అని పాస్టరుగారు అరిస్తే కళ్ళు తెరిచాం. వెనక గోడ దగ్గర ఒక చెయ్యి లేచి ఉంది.

ఆ చెయ్యి మా చర్చి మనిషిది కాదు. వేట చేసుకునే ఒక యాభై ఏళ్ళ హిందువు. మా షెడ్డు కారుతోందని ఆయన టార్పాలిన్ అడిగి తెచ్చి పైన కప్పాం. అది తిరిగి తీసుకుపోదామని వచ్చి, ప్రార్థన అయ్యేదాకా మర్యాదగా వెనక కూర్చున్నాడు, అంతే. ఎవరో పెద్దమనిషి మైకులో కడుపుమంట ఉన్నవాళ్ళు చెయ్యెత్తమన్నాడు. ఆయనకు ఉంది. ఎత్తాడు.

పాస్టరుగారు మైకు వైరు సాగినంత దూరం ఆయన దగ్గరకు వెళ్ళారు.

"ఎవరి మీద బాబూ?"

"ఎవులి మీదా కాదు బాబూ. ఇదిగో, ఇక్కడ, రొమ్ము కింద."

"హృదయంలో! ఎప్పటినుంచి?"

"మా తోడల్లుడు కొత్త ఇంజిన్ కొన్నాడు కాదేటి, ఆలింట్లో బోయినం ఎట్టినాడు. ఆ దినం నుంచీ."

షెడ్డంతా "ఆఁ!" అంది. ఎందుకంటే ఆ తోడల్లుడు మా చర్చిలోనే, ముందు వరుసలో, కంజీర పట్టుకుని ఉన్నాడు. అక్కాచెల్లెళ్ళను చేసుకున్న ఆ ఇద్దరికీ ఏళ్ళ తరబడి పడదని పల్లెలో అందరికీ తెలుసు. ఒకడు వల కొంటే ఇంకొకడు పెద్ద వల కొనేవాడు.

"ఎప్పుడు ఎక్కువవుతుంది?" అన్నారు పాస్టరుగారు, మైకు ఆయన నోటి దగ్గర పెట్టి.

"తిన్నాక బాబూ. కారం తగిలితే మరీను. సోడా తాగినా తగ్గలేదు."

"చూశారా! అన్నం కూడా సహించదు! సోడాతో పోయేది కాదు బాబూ ఇది!" అని పాస్టరుగారు ఆయన నెత్తిమీద చెయ్యి పెట్టారు. తోడల్లుడు కంజీర పక్కనపెట్టి ఏడుస్తూ పరుగున వచ్చి, "నిన్ను క్షమించేశాన్రా!" అని కౌగిలించుకున్నాడు. ఆయన బిత్తరపోయి, "నీకేటైందిరా?" అన్నాడు. జనమంతా చప్పట్లు. నేనైతే నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

చిన్న సిస్టర్ నవ్వలేదు. నా మోచెయ్యి పట్టుకుని, "దీదీ, ఆయనకి నిజంగానే కడుపులో మంట. గోళ్ళు చూడండి, కళ్ళు చూడండి, తెల్లగా పాలిపోయాడు. రేపు పిలిచి మలం రంగు అడుగుదాం. నల్లగా ఉంటే లోపల రక్తం పోతున్నట్టు" అంది.

ఆమె చెప్పింది అక్షరాలా సరైనది. నేను ఆమెకంటే ముందు చూడాల్సింది, చూడలేదు. అదే నాకు మండింది. "ప్రసంగం వినలేదా? అది ఆ కడుపుమంట కాదమ్మా, ఈ కడుపుమంట" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె మాట మీద జనం నవ్వితే నాకు ఎంత హాయిగా ఉందో! నిజం చెబుతున్నాను, చాలా హాయిగా ఉంది.

సోమవారానికి పల్లెంతా ఆయనకు కుళ్ళుబోతు అని పేరు పడింది. వల బాగుచేసుకుంటుంటే, "ఏం మామా, తోడల్లుడి మీద తగ్గిందా?" అని అడిగేవాళ్ళట. ఆయనకు అప్పటికిగానీ తాను దేనికి చెయ్యెత్తాడో అర్థం కాలేదు. రోషం గల మనిషి. ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు.

బుధవారం చిన్న సిస్టర్ టీకాల పని మీద బయటికి వెళ్ళినప్పుడు ఆయన భార్య డిస్పెన్సరీకి వచ్చింది. "దీదీ, మా ఇంటాయనకి మంట తగ్గనేదు. రమ్మంటే రానంటన్నాడు, ఊరంతా నవ్వుతారంట. మందేటైనా ఇయ్యండి" అంది. నేను గుండె మంటకు నమిలే మాత్రలు ఒక అట్ట ఇచ్చి, "ముందు మనసు బాగుచేసుకోమను" అని ఉచితంగా ఒక సలహా కూడా ఇచ్చాను. మలం రంగు అడగలేదు. ఇంకేం మందులు వాడుతున్నాడో అడగలేదు. భుజం నొప్పికి దుకాణంలో కొన్న మాత్రలు నెలల తరబడి ఖాళీ కడుపున మింగుతున్నాడని తర్వాత తెలిసింది. అమ్మాయిలూ, ఆ రెండు ప్రశ్నలకు అరనిమిషం పట్టదు. నేను ఆ అరనిమిషం సలహాకు వాడాను.

సాయంత్రం చిన్న సిస్టర్ రాగానే అడిగింది, "రంగు అడిగారా దీదీ?"

"నాకు నేర్పుతున్నావా?" అన్నాను.

ఆమె సంచి తీసుకుని వాళ్ళింటికి వెళ్ళింది. ఆయన గుమ్మంలోనే, "మీ సర్చీవోలంతా ఒకటే! పో!" అని పంపేశాడట. తలవంచుకుని తిరిగొచ్చింది. నొప్పెట్టని సిస్టర్‌ను కూడా గుమ్మంలోంచి తరిమేవాళ్ళున్నారని నేను లోలోపల సంతోషించాను. ఇది రాయడానికి నాకు ఇప్పటికీ చేతులు రావడం లేదు. కానీ రాయాలి.

ఆదివారం వచ్చింది. కుండపోత వాన. పాస్టరుగారు ఐదో ప్రసంగంలో ఉన్నారు. గురువుకు కుడిపక్క ఎవరు కూర్చోవాలి, ఎడమపక్క ఎవరు కూర్చోవాలి అని శిష్యులు తగువులాడుకున్న సంగతి. అప్పుడు ఆ టార్పాలిన్ మనిషి భార్య తడిసి ముద్దయి లోపలికి పరుగెత్తుకొచ్చింది.

"దీదీ! రగతం కక్కుతన్నాడు!"

డిస్పెన్సరీ సంచి అందుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా సిస్టర్లిద్దరం వాళ్ళింటికి పరుగెత్తాం. గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, పక్కన బకెట్. అందులో రక్తం. ఒళ్ళంతా చెమట, నాడి పరుగు, మాట మాత్రం తగ్గలేదు. సెలైన్ ఎక్కించాలి. సీనియర్‌ని కాబట్టి సూది నేనే తీసుకున్నాను. ఒక చేతికి గుచ్చాను, నరం దొరకలేదు. మళ్ళీ గుచ్చాను, దొరకలేదు. చిన్న సిస్టర్ రెండో చెయ్యి పట్టుకుని ఒక్కసారికే ఎక్కించి, బాటిల్ నా చేతికిచ్చింది.

"ఇది మీరు పట్టుకోండి దీదీ."

రంగత్ ఆసుపత్రికి చేర్చాలి. రోడ్డు మీద కల్వర్టు ముందురోజే కొట్టుకుపోయింది, అంబులెన్సు రాదు. ఆయన డింగీ ఇంజిన్ ముక్కలుముక్కలుగా గోనెసంచి మీద ఉంది. జెట్టీలో సిద్ధంగా ఉన్నది ఒక్కటే, తోడల్లుడి కొత్త డింగీ. మంచం మీద పడుకోబెట్టి, పైన ఆ టార్పాలినే కప్పి, నలుగురు మోసుకెళ్ళారు. అంతా సవ్యంగానే ఉంది, డింగీ కంటపడేదాకా. దాన్ని చూడగానే ఆయన ఖాళీగా ఉన్న చేత్తో జెట్టీ గుంజను పట్టేసుకున్నాడు.

"నానెక్కను."

"ఏటి?" అంది భార్య.

"సచ్చినా ఆడి డింగీ ఎక్కను."

"ఎక్కరా బాబూ!" అన్నాడు తోడల్లుడు, నిజంగానే కంగారుగా. "కొత్త ఇంజిన్‌రా, ఫుల్ పవర్! అరగంటలో రంగత్‌లో ఎడతాను!"

"ఇన్నారా? ఇన్నారా? ఇప్పుడు కూడా ఇంజిన్ గొప్పలే!"

నలుగురు మగాళ్ళు ఆయన వేళ్ళు విడదీయబోయారు. ఒళ్ళంతా రక్తం లేని మనిషికి ఆ బలం ఎక్కడిదో! గుంజుకుంటే సూది ఊడిపోతుందని చిన్న సిస్టర్ అరిచింది, వదిలేశారు. పాస్టరుగారు గొడుగు కింద ముందుకొచ్చి, "బాబూ, కయీను కూడా ఇలాగే..." అని మొదలుపెట్టారు.

"నన్ను మల్లీ ఆడితో కలిపినావంటే ఈ సముద్రంలో దూకుతాను!"

పాస్టరుగారు వెనక్కి వెళ్ళిపోయారు. మేం నిలబడి ఉన్న ప్రతి నిమిషమూ ఆ మనిషి కడుపులో రక్తం పోతోంది. అది నాకు తెలుసు, చిన్న సిస్టర్‌కు తెలుసు. ఆయన మాత్రం వానలో కళ్ళు చికిలిస్తూ అందర్నీ ఒకసారి చూసి, మెల్లగా మాట్లాడాడు.

"ఆడి మీద నాకు కుల్లుందా? ఉంది. ఉంటే ఉంది. కానీ ఊరందరి ముందూ నా ఒక్కడికే ఉందన్నారు. ఇంకెవులికీ నేదేటి? ఒక్కులు సెప్పండి. ఒక్కులు ఒప్పుకోండి, ఎక్కుతాను."

జెట్టీ మీద చర్చి అంతా ఉంది. ఐదు వారాలు ప్రసంగాలు విన్న జనం. కొందరు ఆకాశం చూశారు. పాస్టరుగారు వాచీ చూసుకున్నారు. పనికిమాలిన రోషంతో ఒక మనిషి మా కళ్ళముందే చచ్చిపోతున్నాడు, అంతకంటే పనికిమాలిన మర్యాదతో మేం చూస్తూ నిలబడ్డాం.

"నాకుంది" అన్నాను.

ఆయన నావైపు తల తిప్పాడు. "ఎవులి మీద?"

"ఈమె మీద" అని చిన్న సిస్టర్‌ని చూపించాను.

"దేనికి?"

"సూది నొప్పెట్టదని."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ చెప్పలేను. "ఇంట్లో తలుపేసుకుని బొప్పాయికి సూదులు గుచ్చాను, ఈమెలా వెయ్యాలని. అయినా రాలేదు" అన్నాను. ఇప్పుడు అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వబోయి దగ్గాడు. "పోయిన ఆదివారమే ఈమె నీ కళ్ళు చూసి లోపల రక్తం పోతోందేమో అంది. ఆ మాట ఈమె నోటంట వచ్చిందని నేను కొట్టిపారేశాను. నీ భార్య మందుకొస్తే ఒక్క ప్రశ్న అడగలేదు. నువ్విలా పడి ఉండటానికి నా కడుపుమంట కారణం, నీది కాదు. ఇక ఎక్కు."

నవ్వులు ఆగిపోయాయి. ఆయన నన్ను చూసి, "బొప్పాయికా?" అన్నాడు. గుంజ వదిలేశాడు.

గబగబా ఎక్కించాం. ఇంజిన్ పట్టుకున్న తోడల్లుడు తాడు విప్పుతూ గట్టిగా అరిచాడు, "నాకూ ఉందిరా నీ మీద! అత్తగారు ఎప్పుడూ పెద్ద సేప ముక్క నీకే ఏస్తాది!" పడుకున్న మనిషి మొహంలో తృప్తి నేను కళ్ళారా చూశాను. అప్పుడు జెట్టీ మీద కట్ట తెగింది. పాటలు పాడించే ఆవిడ, తన గొంతుకంటే ఎక్కువ వినిపించే కంజీర మీద తనకెంత కుళ్ళో చెప్పుకుని ఏడుస్తోంది. ఇంకెవరో పొరుగింటి మేకల గురించి అరుస్తున్నారు. రంగత్ పాస్టరుకు రెండు స్పీకర్లు ఉన్నాయని మా పాస్టరుగారు గొడుగు పక్కన పడేసి ఒప్పుకున్నారు. డింగీ మలుపు తిరిగేదాకా మాకు అవన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

ఆయన బతికాడు. రంగత్‌లో రక్తం ఎక్కించి, అక్కడినుంచి పోర్ట్ బ్లెయిర్ పంపారు. నెల తర్వాత నడుచుకుంటూ పల్లెకొచ్చి, తోడల్లుడి ఇంజిన్ చప్పుడు ఎక్కువని ఊరంతా చెప్పాడు. నామీద పైవాళ్ళకు ఫిర్యాదు చెయ్యమంటే మాత్రం చెయ్యలేదు. చేస్తే న్యాయంగానే ఉండేది.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ డింగీలో జరిగింది. ఆయన తల పక్కన నేను, నడుం పక్కన చిన్న సిస్టర్. ఒంటి మీద చీర తడిసి అతుక్కుపోయింది, చలీ సిగ్గూ కలిసి పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఊరందరి ముందూ అంత మాట చెప్పాక ఆమె ఏడుస్తుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. కనీసం నన్ను క్షమించానని అంటుందేమో, అప్పుడు నాకు ఇంకా మండుతుందేమో అనుకున్నాను. ఆమె మాత్రం ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ కూర్చుంది. చివరికి నేనే తట్టుకోలేకపోయాను.

"ఏదో ఒకటి అనవే" అన్నాను.

"తెలుసు దీదీ. చేరిన వారం నుంచే తెలుసు" అంది, వేళ్ళు నాడి మీద నుంచి తియ్యకుండానే. "బాటిల్ కిందికి దించేశారు. రక్తం పైపులోకి వచ్చేస్తోంది. ఎత్తండి."

ఎత్తాను.